హైదరాబాద్ నుంచి డాలస్‌కి ఎన్ని గంటలు? ఫ్లైట్ దూరం, టైమ్ మనమే లెక్కేసుకోవడం ఎలా

మా పెద్దమ్మ మొదటిసారి డాలస్ వెళ్తున్నప్పుడు ఇంట్లో ముగ్గురం మూడు లెక్కలు చెప్పాం. టికెట్ బుక్ చేసిన తమ్ముడు 22 గంటల 40 నిమిషాలన్నాడు. బాబాయి టికెట్ చేతిలోకి తీసుకుని, తెల్లవారుజామున 3:30కి ఎక్కి అదే రోజు మధ్యాహ్నం 3:40కి దిగుతోంది, ఇంకేముంది, 12 గంటలే కదా అన్నాడు. నేనేమో ఫోన్‌లో వెతికితే వచ్చిన సైటు చూసి 14,420 కిలోమీటర్లు, 17 గంటల చిల్లర అని చదివి వినిపించాను. పెద్దమ్మ ముగ్గురి మొహాలూ చూసి, "అవన్నీ నాకెందుకురా, బీపీ బిళ్ల ఎన్నింటికి వేసుకోవాలో అది చెప్పండి" అంది.

ముగ్గురిలో ఎవరూ అబద్ధం చెప్పలేదు, ఒక్క బాబాయి లెక్కలోనే తప్పుంది. మిగతా రెండూ కరెక్టే, కాకపోతే వేర్వేరు ప్రశ్నలకు జవాబులు. అప్పటి నుంచి మా చుట్టాల్లో ఎవరు ఫ్లైట్ ఎక్కినా ఆ లెక్క నా దగ్గరికే వస్తోంది కాబట్టి, నేను చేసే పద్ధతి మొత్తం ఇక్కడ రాసేస్తున్నా. కాగితం, పెన్ను, ఫోన్‌లో క్యాలిక్యులేటర్ ఉంటే చాలు.

ముందు మీకు ఏ టైమ్ కావాలో తేల్చుకోండి

ఫ్లైట్ టైమ్ అనే మాటకి కనీసం నాలుగు అర్థాలున్నాయి. చక్రాలు నేల వదిలిన దగ్గర్నుంచి మళ్లీ నేల తాకేదాకా గాల్లో ఉన్న టైమ్ ఒకటి. గేటు దగ్గర కదిలిన దగ్గర్నుంచి అవతలి గేటు దగ్గర ఆగేదాకా ఇంకొకటి, టికెట్ మీద ఉండేది ఇదే. మధ్యలో ఆగే ఫ్లైట్ అయితే ఆ లేఓవర్ కూడా కలిపిన మొత్తం మూడోది. ఇంట్లో చెప్పులేసుకున్న దగ్గర్నుంచి అవతలి ఇంట్లో చెప్పులు విప్పేదాకా నాలుగోది. పెద్దవాళ్లని పంపేటప్పుడు మనకు కావాల్సింది ఈ నాలుగోదే, కానీ ఏ సైటూ దాన్ని చూపించదు.

ఎయిర్‌పోర్టు కోడ్ సరిగ్గా పట్టుకోండి

ఊరి పేరు కొట్టి వెతకొద్దు, మూడక్షరాల కోడ్ కొట్టండి. శంషాబాద్‌కి హెచ్‌వైడీ, వైజాగ్‌కి వీటీజెడ్, గన్నవరానికి వీజీఏ, రాజమండ్రికి ఆర్‌జేఏ, తిరుపతికి టీఐఆర్. కోడ్ ఎందుకంటే, హైదరాబాద్ అనే ఊరు పాకిస్తాన్ సింధ్‌లో కూడా ఉంది, దాని ఎయిర్‌పోర్టు కోడ్ హెచ్‌డీడీ. కొన్ని దూరం సైట్లలో హైదరాబాద్ అని టైప్ చేయగానే కింద రెండూ వస్తాయి, తొందర్లో మొదటిది నొక్కేస్తే దుబాయ్ మరీ పక్క వీధిలో ఉన్నట్టు కనిపిస్తుంది. డాలస్‌కీ అంతే, మన వాళ్లు దిగేది డాలస్ ఫోర్ట్‌వర్త్, దాని కోడ్ డీఎఫ్‌డబ్ల్యూ. ఊళ్లో లవ్ ఫీల్డ్ అని ఇంకోటి ఉంది, దానికి డీఏఎల్, అది అమెరికా లోపల తిరిగే ఫ్లైట్లకి. బే ఏరియా వాళ్లు ఇంకొంచెం జాగ్రత్త, కాలిఫోర్నియా శాన్‌హోజే ఎస్‌జేసీ, ఎస్‌జేఓ అని కొడితే మధ్య అమెరికాలోని కోస్టారికాకి పోతారు.

దూరం: మన దేశంలో అయితే చేత్తోనే చేసేయొచ్చు

సైట్లు చూపించే దూరం రోడ్డు దూరం కాదు, భూగోళం మీద ముక్కుసూటిగా గీసిన గీత పొడవు. గ్రేట్ సర్కిల్ మ్యాపర్ అనే సైటులో రెండు కోడ్‌ల మధ్య అడ్డగీత పెట్టి కొడితే వెంటనే వచ్చేస్తుంది. గూగుల్ మ్యాప్స్‌లో కూడా ఒక ఎయిర్‌పోర్టు మీద వేలు నొక్కి పట్టుకుంటే దూరం కొలిచే ఆప్షన్ ఉంటుంది. అయినా ఒక్కసారి చేత్తో చేసి చూడండి, తర్వాత ఏ సైటు తప్పు చూపించినా మీకే అనుమానం వస్తుంది.

శంషాబాద్ నుంచి వైజాగ్ తీసుకుందాం. శంషాబాద్ అక్షాంశం 17.24, రేఖాంశం 78.43. వైజాగ్ పాత ఎయిర్‌పోర్టు 17.72, 83.22. ఉత్తర దక్షిణాల తేడా 0.48 డిగ్రీలు, ఒక్కో డిగ్రీకి 111 కిలోమీటర్లు కాబట్టి 53 కిలోమీటర్లు. తూర్పు పడమరల తేడా 4.79 డిగ్రీలు. భూమధ్యరేఖ దగ్గర ఈ డిగ్రీ కూడా 111 కిలోమీటర్లే ఉంటుంది గానీ, పైకి పోయేకొద్దీ గీతలు దగ్గరవుతాయి, మన తెలుగు రాష్ట్రాల దగ్గర ఒక డిగ్రీకి 106 వేసుకుంటే సరిపోతుంది. అంటే 508. ఇప్పుడు స్కూల్లో చదివిన లంబకోణ త్రిభుజం: 53 వర్గం, 508 వర్గం కలిపి వర్గమూలం తీస్తే 511 కిలోమీటర్లు. రోడ్డు మీద అదే వైజాగ్ 600 దాటుతుంది.

ఢిల్లీకి ఇలాగే చేస్తే 1,265 దగ్గర్లో వస్తుంది. అదే తెలంగాణ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే 1,670 కిలోమీటర్ల పైనే పట్టాల మీద వెళ్లాలి, ఎందుకంటే రైలు కాజీపేట, నాగ్‌పూర్, భోపాల్ అన్నీ పలకరించుకుంటూ పోతుంది. మామూలుగా విమాన దూరానికి 20 నుంచి 30 శాతం కలిపితే మన రోడ్డు, రైలు దూరాలు వస్తాయి. గన్నవరం ఒక్కటి దీనికి లొంగదు, గాల్లో 264, రోడ్డు మీదా 275 చిల్లరే, హైవే అంత సూటిగా ఉంది.

డాలస్‌కి ఈ త్రిభుజం పనిచేయదు, దారం కావాలి

పిల్లల గ్లోబు ఒకటి ఇంట్లో ఉంటే తీయండి. గోడ మీద మ్యాపు వద్దు, దాని మీద స్కేలు పెట్టి గీస్తే గీత అరేబియా సముద్రం, ఆఫ్రికా, అట్లాంటిక్ మీదుగా అడ్డంగా పోతుంది, ఆ దారి చాలా ఎక్కువ దూరం. గ్లోబు మీద హైదరాబాద్ దగ్గర దారం కొస బొటనవేలితో నొక్కి పట్టుకుని, రెండో కొస డాలస్ దాకా బిగించి లాగండి. దారం పక్కకి పోదు, నిటారుగా పైకి పోతుంది. మొదటిసారి చేసినప్పుడు నాకు నమ్మకం కలగక దారం జారిందేమో అని మళ్లీ లాగి చూశాను. ఢిల్లీ మీదుగా, కశ్మీర్ దాటి, మధ్య ఆసియా, సైబీరియా మీదుగా ఉత్తర ధ్రువానికి 500 కిలోమీటర్ల చిల్లర దూరంలోంచి దూసుకెళ్లి, అవతలి వైపు కెనడా మీదుగా కిందికి దిగుతుంది.

ఎందుకంటే హైదరాబాద్ 78.4 డిగ్రీల తూర్పున ఉంది, డాలస్ 97 డిగ్రీల పడమర. రెండూ కలిపితే 175.4, అంటే 180కి అటూ ఇటుగా, భూగోళానికి ఇటు మనం, సరిగ్గా అటు వాళ్లు. అందుకే దీనికి ఒక తేలిక లెక్క ఉంది: మనం ధ్రువం దాకా ఎక్కాల్సింది 90లోంచి 17.2 తీసేస్తే 72.8 డిగ్రీలు, అక్కడి నుంచి డాలస్‌కి దిగాల్సింది 90లోంచి 32.9 తీసేస్తే 57.1. మొత్తం 129.9 డిగ్రీలు, 111.2తో హెచ్చిస్తే 14,445 కిలోమీటర్లు. సైటు చెప్పిన 14,420కి 25 కిలోమీటర్లే తేడా! చికాగో, హ్యూస్టన్‌లాంటి ఊళ్లకి కూడా ఇదే పద్ధతి దగ్గర దగ్గరగా పనిచేస్తుంది. లండన్‌కి, సిడ్నీకి మాత్రం వాడొద్దు, అవి మనకి ఎదురుగా లేవు.

ఇంకో చిన్న తనిఖీ. భూమి చుట్టుకొలత దాదాపు 40,000 కిలోమీటర్లు కాబట్టి ఏ రెండు ఊళ్ల మధ్యా సూటి దూరం 20,000 దాటే వీల్లేదు. దాటిందంటే ఆ సైటు మధ్యలో ఆగే ఊళ్లు కలిపి చూపిస్తోందన్నమాట.

యూనిట్లు కూడా ఒకసారి చూసుకోండి. దోహా నుంచి డాలస్‌కి 12,745 కిలోమీటర్లు. అదే మైళ్లలో 7,919. అదే నాటికల్ మైళ్లలో 6,882. మూడూ ఒకటే దూరం. మామూలు మైలు 1.609 కిలోమీటర్లు, విమానాల వాళ్ల నాటికల్ మైలు 1.852. సీటు ముందు స్క్రీన్ మీద మైళ్లు కనిపిస్తే కంగారుపడి భార్యాభర్తలు వాదించుకోనక్కర్లేదు.

కానీ విమానం ఆ దారం మీద వెళ్లదు

హైదరాబాద్ నుంచి డాలస్‌కి నేరుగా ఫ్లైట్ లేదు. 2021 జనవరిలో ఎయిర్ ఇండియా హైదరాబాద్ నుంచి చికాగోకి నాన్‌స్టాప్ మొదలుపెట్టింది, మన వాళ్లు తెగ సంబరపడ్డారు, తర్వాత అది ఆగిపోయింది. కాబట్టి దోహా, దుబాయ్, లండన్, ఢిల్లీ, ఇలా ఏదో ఒకచోట దిగి ఎక్కాల్సిందే. అందుకే దూరాన్ని ముక్కలుగా వేసుకోవాలి. శంషాబాద్ నుంచి దోహా 2,913 కిలోమీటర్లు, దోహా నుంచి డాలస్ 12,745, మొత్తం 15,658. దారం లెక్క కన్నా 1,240 ఎక్కువ. దుబాయ్ మీదుగా వెళ్తే 15,500కి దగ్గర్లో ఉంటుంది. అంటే గల్ఫ్ మీదుగా వెళ్లడం మనం అనుకునేంత చుట్టుదారి కాదు, పది శాతం లోపే.

దీని మీద ఇంకో రెండు విషయాలు పడతాయి. ఒకటి గగనతలాల గొడవ. 2022లో రష్యా, ఉక్రెయిన్ యుద్ధం మొదలైన దగ్గర్నుంచి అమెరికా, యూరప్ కంపెనీల విమానాలు రష్యా మీదుగా పోవడం లేదు. 2025 ఏప్రిల్ చివర్లో పాకిస్తాన్ మన దేశపు విమానాలకి తన ఆకాశం మూసేసింది. ఆ దెబ్బ ఎక్కువగా ఢిల్లీ నుంచి పడమరకి వెళ్లే వాళ్ల మీద పడింది, అమెరికా వెళ్లే కొన్ని ఫ్లైట్లు ఇంధనం కోసం వియన్నాలాంటి చోట్ల దిగాల్సి వచ్చింది. శంషాబాద్ నుంచి గల్ఫ్‌కి మన దారి చాలావరకు అరేబియా సముద్రం మీదుగానే కాబట్టి మనకి అంత తేడా తెలియలేదు. పాత యూట్యూబ్ వీడియో చూసి ఇన్ని గంటలే అని లెక్కేసుకునేవాళ్లు అది ఏ సంవత్సరం వీడియోనో చూసుకోండి.

రెండోది గాలి. పైన 10, 11 కిలోమీటర్ల ఎత్తులో పడమర నుంచి తూర్పుకి ఒక గాలి నదిలా వీస్తుంది, జెట్ స్ట్రీమ్ అంటారు, చలికాలంలో దాని జోరు ఎక్కువ. అమెరికా వెళ్లేటప్పుడు విమానానికి అది ఎదురు, వచ్చేటప్పుడు తోడు. దోహా నుంచి డాలస్ దాదాపు 16 గంటలైతే, డాలస్ నుంచి దోహా 14 గంటల 30 నిమిషాల దగ్గర్లో అయిపోతుంది. భూమి తిరగడం వల్ల ఊరు ఎదురొస్తుంది అని మా బాబాయి ఇప్పటికీ వాదిస్తాడు. భూమితో పాటు గాలి, గాల్లో విమానం అన్నీ తిరుగుతున్నాయి బాబాయ్, లేకపోతే హెలికాప్టర్ ఎక్కి గంటన్నర ఒకేచోట ఆగితే దుబాయ్ మన కిందకి రావాలి!

దూరం నుంచి గంటలు తీయడం

నేను వాడేది ఒక మోటు సూత్రం: కిలోమీటర్లని 800తో భాగించండి, వచ్చిన గంటలకి అరగంట కలపండి. పెద్ద జెట్ విమానం పైకెక్కాక గంటకి 900 దాకా పోతుంది, చిన్న జెట్లు 830 అటూ ఇటుగా. కానీ ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు నెమ్మది, రన్‌వే దాకా పాకడం, అవతల గేటు కోసం ఆగడం ఉంటాయి కదా, ఆ అరగంట వాటికి.

వైజాగ్: 511ని 800తో భాగిస్తే 38 నిమిషాలు, అరగంట కలిపితే గంటా 8 నిమిషాలు. టికెట్ మీద గంటా 10 నుంచి గంటా 20 మధ్య ఉంటుంది. ఢిల్లీ: గంటా 35కి అరగంట కలిపితే 2 గంటల 5 నిమిషాలు, టికెట్ మీద 2:10, 2:20 అలా ఉంటుంది. దుబాయ్: 2,547 కిలోమీటర్లు, 3 గంటల 41 నిమిషాలు వస్తుంది, వెళ్లేటప్పుడు 4 గంటలకి దగ్గర, వచ్చేటప్పుడు మూడున్నర. 10,000 కిలోమీటర్లు దాటితే 800 బదులు 850 వేసుకోండి, చాలాసేపు ఫుల్ స్పీడ్‌లోనే ఉంటుంది కాబట్టి. దోహా నుంచి డాలస్‌కి అలా పదిహేనున్నర గంటలు వస్తుంది, ఎదురుగాలికి ఇంకో అరగంట పక్కన పెట్టుకోండి.

ఈ సూత్రం ఫెయిలయ్యేది రెక్కలకి పంకాలుండే ఏటీఆర్ విమానాల దగ్గర. రాజమండ్రి, తిరుపతి, గన్నవరం లాంటి రూట్లలో ఇవి తిరుగుతాయి, వీటి స్పీడ్ 500 దగ్గర్లోనే. వీటికి 450తో భాగించి 25 నిమిషాలు కలపండి. రాజమండ్రి 360 కిలోమీటర్లు కాబట్టి గంటా 13 నిమిషాలు. టికెట్ బుక్ చేసేటప్పుడు విమానం రకం రాసి ఉంటుంది, అది చూసుకోండి.

ఒక్కోసారి ఫ్లైట్ 20 నిమిషాలు ముందే దిగి, పైలట్ గర్వంగా అనౌన్స్ చేస్తాడు. అందులో పైలట్ గొప్పతనం కొంత, కంపెనీ వాళ్లు ముందే కాస్త ఎక్కువ టైమ్ వేసి పెట్టుకోవడం కొంత. నిజంగా ఎంత పడుతోందో తెలియాలంటే ఫ్లైట్‌రాడార్24 లేదా ఫ్లైట్‌అవేర్‌లో మీ ఫ్లైట్ నంబర్ కొట్టి, గత వారం రోజులు అది ఎన్నింటికి లేచింది, ఎన్నింటికి దిగింది చూడండి. ఏడు రోజుల్లో నాలుగు రోజులు గంట లేటుగా లేచే ఫ్లైట్ అయితే, దాని వెనక గంటన్నర కనెక్షన్ పెట్టుకోకూడదని అక్కడే తెలిసిపోతుంది. డిసెంబర్, జనవరిలో ఢిల్లీ మీదుగా వెళ్లేవాళ్లు పొగమంచు లెక్క కూడా వేసుకోవాలి.

బాబాయి తప్పు ఇక్కడ: గడియారాలు

టికెట్ మీద ప్రతి టైమూ ఆ ఊరి గడియారం ప్రకారం ఉంటుంది. శంషాబాద్‌లో 3:30 మన టైమ్, డాలస్‌లో 15:40 వాళ్ల టైమ్. రెండింటినీ నేరుగా తీసివేస్తే వచ్చేది చెత్త.

పడమరకి వెళ్లేటప్పుడు తీసివేయగా వచ్చినదానికి టైమ్ తేడా కలపాలి, తూర్పుకి తిరిగొచ్చేటప్పుడు తీసేయాలి. దోహాకి మనకి తేడా రెండున్నర గంటలు, దుబాయ్‌కి గంటన్నర. ఇవి ఏడాదంతా మారవు. డాలస్‌కి మారుతుంది: మార్చి రెండో ఆదివారం నుంచి నవంబర్ మొదటి ఆదివారం దాకా పదిన్నర గంటలు, మిగతా రోజుల్లో పదకొండున్నర. అమెరికా అంతా ఇలాగే అనుకోకండి, ఫీనిక్స్‌లో గడియారం మార్చరు, అక్కడ ఎప్పుడూ పన్నెండున్నరే.

పెద్దమ్మ టికెట్ చూద్దాం, వేసవిలో ప్రయాణం. శంషాబాద్ 3:30, డాలస్ 15:40. తీసివేస్తే 12 గంటల 10 నిమిషాలు, దానికి పదిన్నర కలిపితే 22 గంటల 40 నిమిషాలు. తమ్ముడు చెప్పింది ఇదే. ముక్కలుగా చేసి సరిచూసుకుందాం: దోహాకి 5:45కి చేరుతుంది, తేడా 2:15, రెండున్నర కలిపితే 4 గంటల 45 నిమిషాలు. దోహాలో 8:00కి రెండో ఫ్లైట్, ఆగేది 2 గంటల 15 నిమిషాలు. అక్కడి నుంచి డాలస్ 15 గంటల 40 నిమిషాలు. మూడూ కలిపితే మళ్లీ 22:40. ముక్కల మొత్తం, పెద్ద మొత్తం కలవకపోతే ఎక్కడో టైమ్ తేడా తప్పుగా వేశారన్నమాట.

తిరుగు ప్రయాణం దీనికన్నా తికమక. 10వ తేదీ రాత్రి 20:30కి డాలస్‌లో ఎక్కితే, 12వ తేదీ తెల్లవారుజామున 3:45కి శంషాబాద్‌లో దిగుతుంది. టికెట్ మీద చివర్లో చిన్నగా కూడిక గుర్తు వేసి 2 అని ఉంటుంది, రెండు రోజుల తర్వాత అని దానర్థం. చూడ్డానికి 31 గంటల 15 నిమిషాలు, అందులోంచి పదిన్నర తీసేస్తే 20 గంటల 45 నిమిషాలే.

తేదీ విషయంలో మేము ఒకసారి దెబ్బతిన్నాం కాబట్టి గట్టిగా చెప్తున్నా. శంషాబాద్ నుంచి విదేశాలకి వెళ్లే ఫ్లైట్లు చాలావరకు అర్ధరాత్రి దాటాకే. టికెట్ మీద 15వ తేదీ 00:40 అని ఉంటే మీరు ఇంట్లోంచి బయల్దేరాల్సింది 14వ తేదీ సాయంత్రం. మా మామయ్యని దింపడానికి నేను 15వ తేదీ రాత్రి తొమ్మిదింటికి పెట్టెలన్నీ కారెక్కించి ఎయిర్‌పోర్టుకి తీసుకెళ్లాను. గేటు దగ్గర నిలబడ్డ జవాను టికెట్ చూసి, "ఇది నిన్న రాత్రే వెళ్లిపోయింది సార్" అన్నాడు, చాలా మర్యాదగానే. మామయ్య నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అదే ఎక్కువ బాధ. ఇప్పుడు నేను ఎవరికి రాసిచ్చినా తేదీతో పాటు వారం పేరు, "గురువారం రాత్రి భోజనం అయ్యాక" లాంటి ముక్క కూడా రాస్తాను.

ఇంటి నుంచి ఇంటికి

ఇప్పుడు నాలుగో లెక్క. పెద్దమ్మది ఖమ్మం. ఫ్లైట్ 3:30కి అయితే మూడు, నాలుగు గంటల ముందే ఎయిర్‌పోర్టులో ఉండాలి, అంటే రాత్రి పదకొండున్నర. ఖమ్మం నుంచి సూర్యాపేట మీదుగా శంషాబాద్‌కి, దారిలో భోజనంతో కలిపి ఐదు గంటలు వేసుకున్నాం. సాయంత్రం ఆరున్నరకి బయల్దేరాలి. కదిలిన దగ్గర్నుంచి ఫ్లైట్ లేచేదాకా 9 గంటలు. ఫ్లైట్లు, దోహా కలిపి 22:40. డాలస్‌లో ఇమిగ్రేషన్ లైను, పెట్టెలు రావడం కలిపి గంటన్నర. ఫ్రిస్కోలో అక్క ఇంటికి 40 నిమిషాలు. మొత్తం 33 గంటల 50 నిమిషాలు. ఇందులో సీట్లో కూర్చునేది 20 గంటల 25 నిమిషాలు మాత్రమే. మిగతాది కార్లు, లైన్లు, కుర్చీలు.

ఈ లెక్క దేశంలో తిరిగేవాళ్లకి ఇంకా పనికొస్తుంది. కూకట్‌పల్లి నుంచి విజయవాడ బెంజ్ సర్కిల్‌కి ఫ్లైట్‌లో వెళ్దామనుకోండి. శంషాబాద్‌కి గంటంబావు, అక్కడ గంటన్నర, ఫ్లైట్ గంట, గన్నవరంలో దిగి బయటపడటానికి 25 నిమిషాలు, ఊళ్లోకి 40 నిమిషాలు. 4 గంటల 50 నిమిషాలు. కారులో అయినా దాదాపు అంతే, దారిలో టీ కూడా తాగొచ్చు. నా లెక్కలో 400 కిలోమీటర్ల లోపు ఫ్లైట్ అంటే డబ్బు దండగ, రాత్రి బస్సులో పడుకుని వెళ్లడం మేలు. వైజాగ్‌కి మాత్రం ఫ్లైటే, పన్నెండు గంటల రైలుతో పోలిస్తే పోలికే లేదు.

మధ్యలో ఆగే టైమ్ ఎంతుండాలని అందరూ అడుగుతారు. ఒకే టికెట్ మీద అయితే వయసు వాళ్లకి రెండు నుంచి నాలుగు గంటలు నా లెక్క. తక్కువైతే టెన్షన్, ఎక్కువైతే నడుం నొప్పి. రెండు వేర్వేరు టికెట్లు కొని అతికిస్తే మొదటి ఫ్లైట్ లేటైనా రెండో కంపెనీకి సంబంధం లేదు, ఆ పొదుపు మనకొద్దు. న్యూయార్క్‌లోనో చికాగోలోనో దిగి అక్కడి నుంచి లోపలి ఫ్లైట్ ఎక్కేవాళ్లయితే, అమెరికాలో మొదట దిగిన చోటే ఇమిగ్రేషన్, అక్కడే పెట్టెలు తీసుకుని మళ్లీ అప్పగించాలి. దానికి మూడు గంటలైనా ఉండాలి. ఇంగ్లిష్ రాని పెద్దవాళ్లకి బుకింగ్‌లోనే వీల్‌చైర్ అడగండి, డబ్బులు తీసుకోరు, గేటు నుంచి గేటుకి మనిషి తోడుంటాడు.

ఇక బిళ్ల సంగతి

పెద్దమ్మ ప్రశ్నకి జవాబు ఈ లెక్కల్లోంచే వచ్చింది. ఆమె బీపీ బిళ్ల రోజూ ఉదయం ఏడింటికి వేసుకుంటుంది, మా డాక్టర్‌ని అడిగితే ప్రయాణంలో 24 గంటలకి ఒకటి అలాగే కొనసాగించమన్నారు. (మీ వాళ్ల మందులకి మీ డాక్టర్‌నే అడగండి, షుగర్ ఇన్సులిన్ ఉంటే మరీను.) కాబట్టి చేతి గడియారం మార్చొద్దన్నాం, డాలస్‌లో అక్క ఇంటికి చేరేదాకా ఇండియా టైమే. మన టైమ్ ఉదయం 7 అంటే దోహాలో తెల్లవారుజామున నాలుగున్నర, అంటే మొదటి ఫ్లైట్ ఇంకా గాల్లో ఉండగానే. ఆ తర్వాతి బిళ్ల మరుసటి రోజు ఉదయం 7కి, అంటే డాలస్ టైమ్ రాత్రి ఎనిమిదిన్నర, అప్పటికి అక్క ఇంట్లో అన్నం తింటూ ఉంటుంది.

ఇవన్నీ ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి, పాస్‌పోర్ట్ పౌచ్‌లో పెట్టి, ఫొటో తీసి అక్కకి పంపాం. మీరూ ఇలాగే రాసుకోవచ్చు:

గురువారం సాయంత్రం 6:30 ఇల్లు. రాత్రి 11:30 ఎయిర్‌పోర్టు. తెల్లవారితే శుక్రవారం, 3:30 ఫ్లైట్. నీ వాచీలో 7 అయితే బిళ్ల. నీ వాచీలో 8:15కి దోహా, వీల్‌చైర్ అబ్బాయి వస్తాడు, కాగితం చూపించు. నీ వాచీలో 10:30కి రెండో ఫ్లైట్. అందులో రెండు నిద్రలు, రెండు భోజనాలు, మధ్యలో లేచి నాలుగడుగులు నడువు. నీ వాచీలో రాత్రి 2:10కి డాలస్, బయట మాత్రం ఎండ కాస్తుంటుంది, కంగారుపడకు. అక్క ఆకుపచ్చ చున్నీలో బయట నిలబడి ఉంటుంది.